ముందుగదిలో ఒకే ఒక్క కుర్చీ

నాగరికత అంటే కిటికీకి తెర లేకపోవడం. దాచుకోవడానికి ఏమీ లేనివాడికి తెర ఎందుకని నెదర్లాండ్స్‌లో తాతల నాటి నమ్మకం. గృహాలంకరణ అర్హతా మండలి తన నిబంధనలన్నీ ఆ నమ్మకం మీదే కట్టింది.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవారికి మండలి దయతలచి రెండు దారులు ఉంచింది. అనుభవం ఉన్నవారు పట్టా ఉన్న డిజైనర్ దగ్గర చేరి అనుభవం సంపాదించవచ్చు. లేనివారు తమ ఇంట్లో వీధివైపు గదిని అలంకరించి చూపాలి. తనిఖీ అధికారి రోడ్డు మీద నిలబడే చూస్తాడు. (లోపలికొచ్చి కూర్చుంటే హాయిగా ఉండి తీర్పు పాడవుతుందని మండలి భయం.)

జట్‌ఫెన్ పట్టణంలో యోరిండె రెండో దారి పట్టింది. చదువు అయ్యాక ఆమె వాళ్ల నాన్నగారి టైర్ల దుకాణంలో ఫోన్లు ఎత్తుతోంది. ఈసారీ పట్టా రాకపోతే జీవితమంతా టైర్లే. అందుకే ప్రాణం పెట్టి పనిచేసింది. వాళ్లమ్మ ఆల్టియె సోఫా, గోడ గడియారం, పింగాణీ ఆవులు అన్నీ అటకెక్కాయి. గదిలో ఒక కుర్చీ, ఒక దీపం, ఖాళీ గోడ మిగిలాయి.

"దీనికేనా నాలుగేళ్లు చదివావు?" అంది ఆల్టియె.

"ఖాళీయే అసలు అలంకరణ అమ్మా."

"మరి జనం ఎక్కడ కూర్చుంటారే?"

"కూర్చోరు. చూస్తారు."

మండలి బాగా ఆలోచించి తనిఖీ తేదీ ఇచ్చింది. అది ఆల్టియె పుట్టినరోజు.

"ఈ ఒక్కసారికి వంటింట్లో చేసుకుందాం అమ్మా," అని బతిమాలింది యోరిండె.

"నీ పరీక్ష మళ్లీ పెడతారు. నాకు అరవై మళ్లీ రావు."

బంధువులు మడత కుర్చీలు చంకన పెట్టుకుని దిగారు. పుట్టినరోజుకి కుర్చీలు గుండ్రంగా వేయాలని ఆ దేశంలో చట్టమేమీ లేదు, ఆచారం అంతే. (చట్టాలనైతే అప్పుడప్పుడూ మీరుతారు.) యోరిండె కుర్చీ మీద తడి కోట్లు గుట్టగా పడ్డాయి. దీపం మామయ్య కళ్లలో పడుతోందని తలుపు చాటుకి వెళ్లింది.

బయట వానలో అధికారి వాన్ టెర్విస్ఖా గొడుగు పట్టుకుని, వరసగా వీపులు చూస్తూ నిలబడ్డాడు. ఆల్టియె తలుపు తీసింది.

"తడుస్తున్నారేంటండీ, లోపలికి రండి."

"నిబంధనలు ఒప్పుకోవమ్మా."

"కాఫీ చల్లారిపోతోంది."

ఆయన లోపలికొచ్చి, అక్కడి మర్యాద ప్రకారం వరసగా అందరితోనూ చేయి కలిపాడు. మీ అక్కగారి పుట్టినరోజుకి అభినందనలు, మీ వదినగారి పుట్టినరోజుకి అభినందనలు అంటూ, చివరికి యోరిండెకి కూడా వాళ్లమ్మ పుట్టినరోజుకి అభినందనలు చెప్పాడు. ఒక బిస్కెట్ తీసుకున్నాడు. మనిషికి ఒకటే లెక్క గనక వెంటనే డబ్బా మూత పడింది. మామయ్య మోకాలి ఆపరేషన్ కథ మొదలైంది. లేచి వెళ్లాలంటే మళ్లీ అందరితోనూ చేయి కలపాలి గనక ఆయన చీకటిపడేదాకా కూర్చున్నాడు.

వారం తిరక్కుండా పట్టా వచ్చింది. "పదిహేను మందిని ఒకే గదిలో, ఒక్కరికీ తప్పించుకునే సందు లేకుండా కూర్చోబెట్టిన ప్రతిభకు" అని రాసి, ఆల్టియె పేరున ఇచ్చారు. దరఖాస్తుదారు పని ఎక్కడా కనపడలేదని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

యోరిండె కాసేపు ఏడ్చింది. తర్వాత టైర్ల దుకాణం గుర్తొచ్చి ముక్కు తుడుచుకుంది.

"పోనీ, నన్ను నీ దగ్గరే చేర్చుకో అమ్మా."

ఆల్టియె కళ్లజోడు పెట్టుకుని పట్టా వెనక ఉన్న నిబంధనలన్నీ నిదానంగా చదివింది.

"నాకేం అభ్యంతరం లేదు గానీ, నీకు అనుభవం ఏమైనా ఉందా?"