దవడ కోసం ఎర్ర చుక్కలు

లైబ్రేరియన్ నిద్రలో పళ్ళు నూరుతాడు. ఆ ఉదయం కలలో అతని పఠనాలయం పడవలా నీళ్ళ మీద తేలిపోతుంటే, తను గట్టున నిలబడి దాని తాడును పళ్ళతో పట్టుకుని ఆపుతున్నాడు. దవడ నొప్పికి మెలకువ వచ్చింది.

"తాడు వదల్లేదు," అన్నాడు మత్తుగా.

"వినపడింది," అంది భార్య. "పఠనాలయం మూసెయ్యాలా వద్దా అని చూడ్డానికి ఇవాళ ఆ అధికారి వస్తున్నాడనేగా? నెల్లాళ్ళుగా ఇదే వరస. ఒక పన్ను పగిలింది. రెండోది పగిలిందంటే నేను మా అక్కయ్య ఇంటికెళ్ళి పడుకుంటా."

పళ్ళ డాక్టరు ఉపాయం చెప్పే ఉన్నాడు. "తినేటప్పుడు తప్ప పై పళ్ళకి కింది పళ్ళు తగలకూడదు. పెదవులు మూసుండాలి, పళ్ళు విడిగా ఉండాలి. పగలంతా మీ చూపు పడే చోటల్లా ఓ చుక్క అంటించుకోండి. అది కనపడగానే దవడ వదిలెయ్యండి."

అందరికన్నా ముందే పఠనాలయానికి వెళ్ళి చుక్కలు అంటించి, డాక్టరు దగ్గర రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు తీసుకుని, అధికారి వచ్చే పదకొండుకల్లా తిరిగి రావాలనుకున్నాడు. సొరుగులో ఎర్ర చుక్కల స్టిక్కర్లు దొరికాయి. గడియారానికి ఒకటి. బల్లలకు, కుర్చీల వీపులకు, పత్రికల స్టాండుకు, చివరికి తన భోజనం డబ్బాకు కూడా అంటించాడు. కిటికీ దగ్గరి పడక కుర్చీని చూస్తే ఎలాగూ దవడ వదులవుతుందని దాన్ని వదిలేశాడు. మిగిలినవి జేబులో వేసుకుని వెళ్ళాడు.

ఎర్ర చుక్కకు అక్కడ ఒకటే అర్థం ఉందని అతనికి గుర్తులేదు. పాడైపోయిన వాటికే దాన్ని అంటిస్తారు. వస్తువైతే వెనక గదికి, కాగితమైతే చించి బుట్టలోకి. ప్రతిదానికీ ఎందుకని అడుగుతూ కూర్చోవద్దని ఆరేళ్ళ కిందట ముసలి అటెండరుకు చెప్పింది తనే.

తిరిగొచ్చేసరికి గది ఖాళీ. బల్లల్లేవు, కుర్చీల్లేవు, గోడ మీద గడియారం ఉన్నచోట తెల్లటి గుండ్రటి మచ్చ. నేల మీద ఎండ పలకలు పలకలుగా పరుచుకుంది. వాటి మధ్య పాఠకులు గోడకానుకుని, కాళ్ళు చాపుకుని చదువుకుంటున్నారు. ఎవరికీ తొందర ఉన్నట్టు లేదు. లైబ్రేరియన్‌కి మళ్ళీ కలలోకి వెళ్ళినట్టుంది.

"బాబాయ్, ఏంటిది?"

"మీరు చుక్కలు పెట్టారు, సార్. వీళ్ళు కూడా తలో చెయ్యీ వేశారు."

లైబ్రేరియన్ పళ్ళు బిగుసుకున్నాయి. వదులు చేసుకుందామంటే కళ్ళ ముందు ఒక్క చుక్కా లేదు. అంతలో అధికారి ఫైలుతో లోపలికి వచ్చాడు. చుట్టూ చూసి, ఉన్న ఒక్క పడక కుర్చీలో కూర్చున్నాడు. ఎండ ఆయన మోకాళ్ళ దాకా పాకింది. కళ్ళు మూతపడ్డాయి. కాసేపటికి కరకరమని చప్పుడు. నెల్లాళ్ళుగా భార్య చెబుతున్న చప్పుడు అదేనని లైబ్రేరియన్‌కు అప్పుడు తెలిసింది. అతనికి ఆయన మీద నిజంగానే జాలి కలిగింది.

"సార్," అని మెల్లగా లేపాడు. "పళ్ళు నూరుతున్నారు."

అధికారి దవడ తడుముకున్నాడు. "ఇంట్లో కూడా అంటారు. నేను నమ్మలేదు."

లైబ్రేరియన్ డాక్టరు మాటలన్నీ అప్పజెప్పి, జేబులోని చుక్కలు ఇచ్చాడు.

"నేను రోజంతా చూసేది దీన్నే," అంటూ అధికారి ఫైలు మీద ఒకటి అంటించి, దాన్ని కుర్చీలో పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. లైబ్రేరియన్ తువ్వాలు పట్టుకుని వెనకే వెళ్ళాడు.

వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఫైలేదీ?"

"చుక్క ఉంది కదండీ. చించేశా," అన్నాడు అటెండరు.

అధికారి దవడ బిగిసింది. చేతిలోని చుక్కలు చూసుకున్నాడు. దవడ నెమ్మదిగా వదులైంది.

"అందులో మూసెయ్యమనే రాశాను," అన్నాడు. "మళ్ళీ తయారవ్వాలంటే ఏడాది పడుతుంది. అప్పటిదాకా నడపండి. ఈ కుర్చీ మాత్రం తియ్యకండి."

సాయంత్రానికి సామానంతా వెనక్కి వచ్చింది, పాడైన తిండనుకుని అటెండరు పారేసిన భోజనం డబ్బా తప్ప.