చేపలకు అందే గాలి

అక్వేరియం ఎయిర్ పంపు రొద పెడుతోందని విసుక్కునేవాళ్లకు అది చేసే మేలు తెలియదు! మా గుడివాడ ఇంటి హాల్లో ఆర్నెల్లుగా ఆ పంపు ఆగకుండా గుర్రుమంటోంది. టీవీ వినపడదు. ఫోన్ వినపడదు. ఒకరి మాట ఇంకొకరికి వినపడదు కాబట్టి గొడవలూ తగ్గాయి. ఇంతకన్నా ఏం కావాలండీ?

పైగా ఇందులో సైన్సు ఉంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఈ సంగతి మా నాన్నకు ఒకరు చెప్పక్కర్లేదు. ముదినేపల్లి దగ్గర చేపల చెరువులు చేస్తారాయన. పొద్దున్నే చెరువుల మీదికి వెళ్లొచ్చి, కాఫీ కన్నా ముందు ట్యాంకు దగ్గర వంగుతారు.

"ఒరేయ్ హేమంతూ, ఆక్సిజన్ పడిపోయిందిరా!" అని ఓ రోజు మా అన్నయ్యను కేకేసి, చెరువులో చల్లే ఆక్సిజన్ బిళ్లలు గుప్పెడు తెచ్చి ట్యాంకులో వేశారు. ట్యాంకు గోళీసోడాలా పొంగింది. అన్నయ్య చేపల్ని ఇడ్లీపిండి గిన్నెలోకి మార్చి కాపాడాడు. పిండి ఏమైందంటారా? ఆ పూట మేం ఉప్మా తిన్నాం. త్యాగం లేకుండా పెంపకం ఎక్కడుంది?

ఎండాకాలం వచ్చింది. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ నిలవదు. అందుకని నాన్న వంటింట్లో ఉన్న టేబుల్ ఫ్యాను తెచ్చి ట్యాంకు వైపు తిప్పారు. మరి కరెంటు పోతే? పంపుకీ ఫ్యానుకీ ఇన్వర్టర్ లైను లాగించారు. వంటింటికి మాత్రం లేదు. లోడు సరిపోదట.

మా వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ల గోడ చేతికి తగులుతుంది. వదిన సుష్మిత ఒకసారి అన్నయ్యను అడగనే అడిగింది.

"ఏవండీ, వంటింట్లోకి కూడా ఓ లైను వేయించండి. ఊపిరాడట్లేదు."

"నీదేముంది సుష్మీ, కాసేపు పని. అవి రోజంతా అందులోనే ఉండాలి కదా!"

న్యాయమే కదా! చేపలకు బయటికొచ్చే దారి లేదు. వదినకు ఉంది. కూర దింపి, అన్నం వార్చి, గిన్నెలు కడిగాక నిక్షేపంగా రావచ్చు.

మొన్న ఆదివారం లైన్ల రిపేరని పొద్దున్నే కరెంటు తీసేశారు. నాన్న కొర్రమీను తెచ్చి, వేపుడు చెయ్యమన్నారు. ఆ పొగలో కాసేపు వేగి, వదిన బయటికొచ్చి ట్యాంకు ముందు నోరు తెరిచి నిలబడింది.

"కాస్త పక్కకి జరగమ్మా, వాటికి గాలి తగలట్లేదు" అన్నారు నాన్న. నోరు తెరిస్తే దాని అర్థమేమిటో ఆయనకు తెలుసు. అయితే అది చేపల విషయంలో!

వదిన జరిగింది. వంటింట్లోకి వెళ్లి స్టవ్వు పట్టుకొచ్చింది. సిలిండరు నేను దొర్లించాను. ట్యాంకు పక్కనే స్టవ్వు పెట్టి, మూకుడెక్కించింది.

"ఇదేంటమ్మా, హాల్లో వంటా!"

"ఇక్కడైతే గాలొస్తోంది మావయ్యగారూ. మీరు వాటిని చూసుకోండి, నేను వేపుడు చూసుకుంటాను."

ముక్కలు చిటపటమన్నాయి. పొగ తిన్నగా ట్యాంకు మీదికి పోయింది. నీళ్ల మీద సన్నగా నూనె తెర మెరిసింది.

"అయ్యయ్యో, నూనె తేలిందిరా! ఇక గాలి దిగదు! చచ్చిపోతాయిరా హేమంతూ!"

సాయంత్రానికల్లా ఎలక్ట్రీషియన్ ప్రకాష్ వచ్చాడు. పెరటి వైపు గోడకు కన్నం కొట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించాడు. ఇన్వర్టర్ లైనూ వేశాడు. లోడు సరిపోయింది!

"చేపలున్న ఇంట్లో వంటింటికి గాలాడాలి ప్రకాషూ" అని నాన్న అతనికి వివరంగా చెప్పారు. వదిన విని, అందరికీ టీ ఇచ్చింది.

కాబట్టి పాఠకులారా, చేపల్ని పెంచండి. మా మేడ మీద రేకుల గది నాది. సీలింగు ఫ్యాను పెట్టించమని రెండు వేసవులుగా అడుగుతున్నాను. నిన్న బజారుకెళ్లి ఓ గాజు జాడీ, ఓ చేపపిల్ల కొనుక్కొచ్చి నా మంచం పక్కన పెట్టుకున్నాను. మధ్యాహ్నం నాన్న మెట్లెక్కి వచ్చి, జాడీలో వేలు ముంచి చూసి, దిగిపోయారు.

రేపు ప్రకాష్ వస్తున్నాడు.