వజ్రకరూరులో డిటెక్టివ్ మార్తాండ్

ఆ ఉదయం గిరి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆదెన్నకు కోటూ టోపీ తొడిగి వజ్రకరూరులో దింపాలి. సాయంత్రం వచ్చి మళ్ళీ కారెక్కించుకోవాలి. మధ్యలో ఆదెన్న నోరు మూసుకుని ఉండాలి.

గిరి సినిమా తీయబోతున్నాడు. వెనకటి తరం వాళ్ళు బస్టాండుల్లో కొనుక్కుని చదివిన పాకెట్ నవలల్లో డిటెక్టివ్ మార్తాండ్ అని ఒకడుండేవాడు. ఒంటరివాడు. ఎవరినీ నమ్మడు. పది మాటలు కావలసిన చోట రెండే వాడతాడు. అతణ్ణి ఈ కాలానికి తీసుకురావాలని గిరి కోరిక. రచయిత కుటుంబం ఒప్పుకుంది. నిర్మాత మాత్రం ఒక ప్రశ్న వేశాడు. ప్రతి చేతిలో సెల్‌ఫోను, ప్రతి వీధిలో కెమెరా ఉన్న రోజుల్లో ఇంకా డిటెక్టివ్ దేనికి? గిరికి జవాబు తోచలేదు. హీరోను జనంలో వదిలి చూస్తే ఏదైనా తోస్తుందనుకున్నాడు.

హీరో ఆదెన్న పద్యనాటకాల మనిషి. మైకు లేకుండా ఆఖరి వరుసదాకా వినపడే గొంతు. నాటకాలకు పిలిచేవాళ్ళు తగ్గిపోయి, ఆ గొంతు ఇంట్లో ఎవరికీ అవసరం లేక, చాలాకాలంగా ఊరికే ఉన్నాడు. అందుకే గిరి పిలవగానే వేషం తన కోసమే పుట్టినట్టు ఒప్పుకున్నాడు.

"అన్నా, ఈ పొద్దంతా నువ్వు ఆదెన్న కాదు, మార్తాండ్. ఎవరన్నా ఏమన్నా అడిగితే ఒక్క మాటలో చెప్పు. అదీ అవసరమైతేనే," అన్నాడు గిరి కారులో.

"ఆకలైతే?"

"మార్తాండ్‌కు ఆకలి కాదన్నా."

"టీ తాగుతాడా?"

"తాగుతాడు."

ఆ మాట మీద ఆదెన్న దిగి ఓబుళేసు టీ హోటల్లోకి నడిచాడు. మొదటి వానలు పడ్డాయి. చేలనిండా జనం తలలు వంచుకుని, వానకు మట్టిలోంచి పైకి తేలే వజ్రాలు వెతుకుతున్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చే రోజులు కావడంతో కొత్త మనిషి అక్కడ వింత కాదు. కోటు మాత్రం వింతే.

"యా ఊరు సార్ మీది?" అడిగాడు ఓబుళేసు టీ గ్లాసు పెడుతూ.

ఆదెన్న అతనివైపు చూశాడు.

"ఎవరి కోసమన్నా వచ్చినారా?"

"తెలుస్తుంది," అన్నాడు ఆదెన్న. గిరి నేర్పిన మాటల్లో అదొకటి. ఆ వెంటనే, అదీ నేర్పినదే కనుక, జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. పక్కన కూర్చున్నతను దాన్ని పైకి చదివాడు. "మార్తాండ్. ప్రైవేట్ డిటెక్టివ్."

గడప దగ్గర కూర్చుని చేలనుంచి వచ్చేవాళ్ళనల్లా ఆపి ఏదో అడుగుతున్న ఒకామె లేచి లోపలికి వచ్చింది. ఆమె పేరు హనుమక్క.

"సార్, నా మొగుడు కనపడ్డంలేదు. కుళ్ళాయప్ప అని. చేన్లో రాయి దొరికిందని ఊరంతా చెప్పినాడు. తెల్లారి చూస్తే మనిషి లేడు. ఫోను కట్టేసి ఉండాది. రాయి కోసం ఎవరన్నా ఏమన్నా చేసినారేమో అని నాకు భయంగా ఉండాది. స్టేషన్లో రాసిచ్చినా. వస్తాడులే పొమ్మంటాండారు."

ఆదెన్న మార్తాండ్‌ను మరచిపోయాడు. "అమ్మా, నేను డిటెక్టివును కాదు. నాటకాలోణ్ణి. ఇది వేషం," అన్నాడు మెల్లగా.

హనుమక్క తల ఊపింది. "అట్లే చెప్పల్ల సార్. నలుగురిలో నిజం చెప్తారా ఎవురన్నా. నేను కూడా ఎవురికీ చెప్పను."

అప్పటికే నలుగురు కాదు, హోటలంతా వింటోంది. ఆమె ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే ఆదెన్న చూడలేకపోయాడు. చూపు తిప్పుకున్నాడు. తిప్పిన చోట ఓబుళేసు ఉన్నాడు. ఆమె ఏడుపు ఆగేదాకా ఆదెన్న అటే చూస్తూ ఉండిపోయాడు.

ఓబుళేసు టీ వడగట్టడం ఆపాడు. "నన్నట్ల చూడొద్దు సార్," అన్నాడు. మళ్ళీ ఆమె ఏడుపు చూడాల్సి వస్తుందని ఆదెన్న చూపు తిప్పలేదు.

"పాలల్లో పొడి కలిపేది నిజమే సార్. అందరూ కలుపుతారు." ఆదెన్న ఇంకా అటే చూస్తున్నాడు. ఓబుళేసు స్టవ్ ఆపేశాడు. "సరే. కుళ్ళాయప్పను తాడిపత్రి లారీ ఎక్కించింది నేనే. బండల ఫ్యాక్టరీలో ఉండాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఇంతకు మించి నాకేం తెల్దు."

హనుమక్క కళ్ళు తుడుచుకుని ఆదెన్నకు దండం పెట్టింది. "పోదాం పాండి సార్."

ఆదెన్న గిరికి ఫోను చేశాడు. గిరి ఎత్తలేదు. ఒంటరి ఆడమనిషిని, ఆ దిగులుతో, అంత దూరం ఒక్కదాన్నే పంపించడానికి అతనికి మనసొప్పలేదు. గుంతకల్లు, గుత్తి మీదుగా బస్సులు మారి ఇద్దరూ తాడిపత్రి చేరారు. దారిలో ఆమె తన కాపురమంతా చెప్పింది. ఆదెన్న విన్నాడు. ఇంటాయన మంచోడేనని, కాకపోతే నోరు పెద్దదని చెప్పి ఆమె మొదటిసారి కాస్త నవ్వింది.

ఫ్యాక్టరీలో రంపాలు బండల్ని కోస్తున్నాయి. దుమ్ము పొగమంచులా ఉంది. దగ్గు వచ్చి ఆదెన్న గుమ్మంలోనే ఆగి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. దుమ్మును పరీక్షించడానికి వచ్చిన అధికారి అనుకుని యజమాని పరుగెత్తుకొచ్చాడు.

"సార్, దుమ్ము లాగే గొట్టం వచ్చేవారం బిగిస్తాండాము. మాస్కులు కూడా ఆర్డరు పెట్టినాం."

ఆదెన్నకు దగ్గు ఆగలేదు. మాట రాలేదు. తల అడ్డంగా ఊపాడు. తప్పించుకునే దారి లేదని యజమానికి అర్థమైంది. యంత్రాలు ఆపించి, మాస్కుల్లేని పనివాళ్ళందరినీ వెనక గేటునుంచి బయటికి తోలించాడు. మాస్కు ఎవరికీ లేదు.

హనుమక్క వెనక్కి పరుగెత్తింది. గేటులోంచి వస్తున్నవాళ్ళు జుట్టునుంచి కాళ్ళదాకా బూడిద రంగులో, అందరూ ఒక్కలాగే ఉన్నారు. కట్టుకున్నవాణ్ణి గుర్తుపట్టలేక ఆమె ఒక్కొక్క ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది. చివరికి ఒకడు ఎడమ కాలు ఈడుస్తూ నడవడం చూసి, "ఏమప్పా," అని పిలిచింది.

కుళ్ళాయప్ప తిరిగి చూశాడు. భార్య వెనకాల కోటూ టోపీ వేసుకుని దగ్గుతూ వస్తున్న మనిషిని చూశాడు. రాయి కోసం ఎవరో మనిషిని పంపించారని, తన జాడ చూపించమని ఆ మనిషి తన భార్యను పట్టుకొచ్చాడని అనుకున్నాడు. పరుగెత్తితే తను బతుకుతాడు, ఆమె ఏమవుతుంది? అందుకని తిన్నగా పోలీస్ స్టేషన్‌కే పరుగెత్తాడు.

ఈలోగా యజమాని, వచ్చినవాడు గుర్తింపు కార్డు చూపలేదన్న సంగతి గమనించి, దొంగ అధికారి వచ్చాడని అదే స్టేషన్‌కు ఫోను చేశాడు.

పోలీసులు వచ్చి ఆదెన్ననూ హనుమక్కనూ స్టేషన్‌కు తీసుకుపోయారు. ఎస్సై అరుణజ్యోతి ముందు బల్ల మీద ఆదెన్న టోపీ ఉంది. పక్కనే కార్డు.

"పేరు?"

"ఆదెన్న మేడమ్."

"ఈడ మార్తాండ్ అని ఉండాది."

"అది పాత్ర."

కార్డు మీదున్న నంబరు గిరిది. ఎస్సై ఫోను చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు. కారు తోలుకుని వచ్చి, చెమటలు తుడుచుకుంటూ, ఉన్నదున్నట్టు చెప్పాడు. సినిమా అన్నాడు. పాత నవల అన్నాడు. కొత్త కాలం అన్నాడు.

"కెమెరా యాడుంది?"

"ఇంకా రాలేదు మేడమ్."

"కథ?"

"రాస్తాండాము."

ఎస్సై ఆదెన్నను చూసింది, గిరిని చూసింది. "అంటే సినిమా లేదు. హీరో మాత్రం ఉండాడు," అని కానిస్టేబులుకు ఇద్దరి వివరాలూ రాసుకొమ్మని చెప్పింది.

మూలనున్న బెంచీ మీద భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. కుళ్ళాయప్ప నేల చూస్తూ చెప్పాడు.

"నీకు చెప్పకుండా గుంతకల్లు పోయి వ్యాపారికి చూపించినా. గాజు రాయంట. ఊరంతా చెప్పుకున్న్యానే, నవ్వుతారని..."

"నువ్వు సచ్చిపోయినావని ఏడ్చినా నేను," అంది హనుమక్క. "దానికంటే ఊరు నవ్వేది మేలు కాదా?"

కుళ్ళాయప్ప ముఖం మీది దుమ్ములో కన్నీళ్ళు దారి చేసుకున్నాయి. ఆమె కొంగుతో తుడిచింది.

తర్వాత హనుమక్క లేచి ఎస్సై దగ్గరికి వచ్చింది. "మేడమ్, ఈ సార్‌ను ఏమీ అనొద్దు. మా కేసు చూస్తాండాడు. మీవాళ్ళు వస్తాడులే పొమ్మన్నారు. ఈయన కూర్చొని విన్నాడు. పొద్దుమునగకముందే మనిషిని చూపించినాడు."

ఎస్సై వజ్రకరూరు స్టేషన్‌కు ఫోను చేసి, కుళ్ళాయప్ప కనపడటం లేదన్న ఫిర్యాదు నిజమేనని తెలుసుకుంది. పెన్ను మూసింది. గిరి చెప్పిన నిజాలు ఒక్కటీ పనికి రాలేదు. హనుమక్క నమ్మిన అబద్ధం ఇద్దరినీ బయట పడేసింది. ఆదెన్న హనుమక్క కుటుంబానికి శ్రేయోభిలాషి అని, బండల ఫ్యాక్టరీకి విడిగా తనిఖీ అవసరమని రాసి ఎస్సై అందరినీ పంపేసింది.

నాలుగు రోజులు పోయాక గిరి వజ్రకరూరుకు వెళ్ళాడు. కథ ఎలా నడపాలో ఇప్పుడు తెలిసింది కనుక, హనుమక్క వాళ్ళతో పోయి అక్కడే ఉండిపోయిన హీరోను తీసుకుపోవడానికే వెళ్ళాడు. ఓబుళేసు హోటల్లో గోడ పక్క బల్ల దగ్గర ఆదెన్న కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఒక ముసలాయన తన తప్పిపోయిన గొర్రెల గురించి చెబుతున్నాడు. బయట బెంచీ మీద ఇంకొందరు వరసలో ఉన్నారు. కదిలిద్దామని గిరి దగ్గరికి పోతే, ఆదెన్న కళ్ళెత్తి ఒక్క మాట అన్నాడు.

"ఆగు."

గిరి బయటికొచ్చి నిర్మాతకు ఫోను చేశాడు.

"షూటింగు వాయిదా వేయాల సార్. హీరో డేట్లు దొరకడంలేదు."