ముందు రాకెట్ తేలనివ్వండి

బాడ్మింటన్ ఆడేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ చెమటలు, ఆ మోకాళ్ళ నొప్పులు, ఓడిపోతే ముఖం వేలాడేసుకోవడం! ఇవేవీ లేకుండా ఆ ఆటలో ఉన్న ఆనందమంతా దక్కించుకునే మార్గం ఒకటుంది. రాకెట్ ఎంచుకుంటూ ఉండటం. ఎంచుకోవడం కాదు, గమనించండి, ఎంచుకుంటూ ఉండటం. ఎంచుకోవడం అయిపోయిందా, ఇక ఆడాల్సి వస్తుంది!

ఇది ఊరికే అంటున్న మాట కాదు. నాలుగు నెలల అనుభవం మీద అంటున్నాను.

నేనొక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ప్రెస్సు వెనక కాగితం గోడౌన్ ఉంది. అందులో రీళ్ళన్నీ ఒక పక్కకు దొర్లించి, నేల మీద తెల్ల గీతలు గీసి, నెట్ కట్టుకున్నారు. సాయంత్రం ఐదున్నరకు మెషిన్లు ఆగుతాయి. ఆరున్నరకు వాచ్‌మన్ తాళం వేస్తాడు. ఆ గంటే మా ఆట. అందులో యాభై నిమిషాలు మగవాళ్ళు రాకెట్ల గురించి మాట్లాడతారు. మిగిలిన పది నిమిషాల్లో ఎవరో ఒకరు షటిల్ కాక్‌ని పైనున్న ఇనుప దూలం మీదికి కొడతారు. దాన్ని కర్రతో పొడిచి దించేసరికి వాచ్‌మన్ తాళం గుత్తి గలగలలాడిస్తాడు. ఇంతకంటే క్షేమకరమైన క్రీడ ఎక్కడుంది?

ఏటా మా ప్రెస్సులో టోర్నమెంట్ జరుగుతుంది. ఈసారి నోటీసు బోర్డు మీద కాగితం అంటించగానే ఆడవాళ్ళ సింగిల్స్ కింద నా పేరు రాశాను. సాయంత్రానికి దాని కింద ఫోల్డింగ్ సెక్షన్ అక్క పేరు చేరింది. అక్క రోజంతా బల్ల దగ్గర నిలబడి అచ్చయిన కాగితాలు మడతపెడుతుంది. ఆ మణికట్టు విసురు చూస్తే దాన్ని కాగితాలకే ఖర్చు చేస్తున్నందుకు బాధేస్తుంది. మా ఇద్దరికీ ఒకటే కోరిక. ఒక్క గేమ్, కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మేమిద్దరమే ఆడాలని.

మర్నాడు కమిటీ మమ్మల్ని పిలిచింది. అధ్యక్షుడు బైండింగ్ సెక్షన్ పెద్దాయన. అందరూ గ్రాముల బాబాయి అంటారు. కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది అది ఎన్ని గ్రాముల కాగితమో చెప్పేస్తారు. ఒక్కసారి కూడా తప్పలేదు. దాంతో, లోకంలో గ్రాములకు లొంగనిది ఏదీ లేదని ఆయనకొక నమ్మకం కుదిరిపోయింది.

"అమ్మాయ్, సింగిల్స్ ఆడతావు సరే. సింగిల్స్ రాకెట్ ఉందా?"

"ఉన్నది ఇదే బాబాయ్ గారూ."

ఆయన నా రాకెట్ అందుకుని, వేలి మీద ఆనించి, నాడి చూస్తున్న వైద్యుడిలా కళ్ళు మూసుకున్నారు. "ఎనభై మూడు. తల తేలిక. ఇది డబుల్స్‌ది తల్లీ. దీంతో సింగిల్స్ ఆడితే భుజం పోతుంది. ముందు రాకెట్ సంగతి తేల్చుకో. ఆటదేముంది, ఎక్కడికీ పోదు."

"నా రాకెట్ చూడలేదు కదండీ మీరు," అంది అక్క.

"నీ ఎదుటి మనిషికే రాకెట్ తేలలేదు. నీకెందుకమ్మా తొందర?"

ఎంత ముందుచూపు! నా భుజం గురించి మా ఇంట్లో కూడా ఎవరూ ఇంత ఆలోచించలేదు.

అలా నా చదువు మొదలైంది. సింగిల్స్‌లో కాక్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి పంపాలి గనుక రాకెట్ తల కాస్త బరువుండాలి. డబుల్స్‌లో నెట్ దగ్గర చటుక్కున తిప్పాలి గనుక తల తేలిగ్గా ఉండాలి. ఇది మొదటి వారం పాఠం. డబుల్స్‌లోనే వెనక నిలబడేవాడికి మాత్రం తల బరువే మంచిదని రెండో వారంలో తెలిసింది. "మరి ఆట మధ్యలో ముందువాడు వెనక్కి, వెనకవాడు ముందుకీ మారితే?" అని అచ్చు యంత్రం నడిపే మెషిన్ మావయ్య అడిగాడు. ఆ ప్రశ్నకు తొమ్మిది సాయంత్రాలు పట్టింది. మారేటప్పుడు రాకెట్లు కూడా మార్చుకోవాలని ఒకరు, అసలు మారకూడదని ఒకరు, మారాలనే బుద్ధి పుట్టించేదే తప్పుడు రాకెట్ అని మరొకరు!

ఇక తీగల బిగువు గురించి ఏం చెప్పను? బిగిస్తే గురి కుదురుతుందట, వదులు చేస్తే దూరం పోతుందట. రెండూ కావాలంటే మనిషి మారాలట. కాగితం తూచే కాటా గోడౌన్‌లోకి వచ్చింది. రాకెట్లన్నీ వరసగా దానిమీద పడుకున్నాయి. ఒకాయన ఒక గ్రాము తగ్గించడానికి గ్రిప్ చివర బ్లేడుతో కోసేశాడు. ఆ చేతికే ఆయనకు రెండు లావుపాటి ఉంగరాలున్నాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉంగరాలు రాకెట్ కిందికి రావు కదా!

దీనివల్ల ఇంట్లో ఎంత ప్రశాంతతో! "ఇవాళ గెలిచావా, ఓడావా?" అని అమ్మ రోజూ అడిగేది.

"ఇంకా తేలలేదమ్మా."

"రెండు నెలల నుంచీ ఒకటే ఆటా? ఆ అవతలివాళ్ళకు ఇల్లూ వాకిలీ లేవా?"

టోర్నమెంట్ రోజు రానే వచ్చింది. నా రాకెట్ మాత్రం తేలలేదు. నోటీసు బోర్డు దగ్గరికి వెళ్తే ఆడవాళ్ళ సింగిల్స్ మీద అడ్డంగా ఒక గీత ఉంది. ప్రూఫులు దిద్దేదాన్ని, నాకు తెలియని గీతా? తీసేయమని అర్థం. నా చేతిలో ఉన్నది డబుల్స్ రాకెట్ గనుక నన్ను మిక్స్‌డ్ డబుల్స్‌లో బాబాయి గారికి జోడీగా వేశారు. అక్కను మెషిన్ మావయ్యకు జోడీగా వేసి అవతలి పక్క నిలబెట్టారు.

మిక్స్‌డ్ డబుల్స్ ఎంత మర్యాదైన ఆటో మీకు తెలుసా? కాక్ నా వైపు వచ్చినప్పుడల్లా వెనక నుంచి "వదిలెయ్!" అని కేక. వదిలేసేదాన్ని. బాబాయి గారు నన్ను దాటుకుంటూ వచ్చి దాన్ని కొట్టేవారు, లేదా కొట్టబోయేవారు. అవతల కూడా అంతే. "వదిలెయ్ అమ్మా!" అనేవాడు మావయ్య. కోర్టులో చెరో పక్క మేమిద్దరం కర్టెన్ రాడ్డుకు రెండు చివరల్లా నిలబడ్డాం. తొమ్మిది పాయింట్లయ్యేసరికి కాక్‌ని నేను ఆరుసార్లు ముట్టుకున్నాను. ఆరుసార్లూ నేల మీద నుంచి తీసి ఇవ్వడానికే. డబుల్స్‌కి తల తేలిక రాకెట్ ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది. ఊరికే పట్టుకుని నిలబడేవాళ్ళకు చెయ్యి లాగకుండా!

పదో పాయింటుకు కాక్ తిన్నగా నా ముఖం మీదికే వచ్చింది. రాకెట్ ఎత్తాను. "వదిలెయ్!" వినిపించింది. మొదటిసారిగా నేను వదల్లేదు. వెనక నుంచి వచ్చిన బాబాయి గారి రాకెట్, నా రాకెట్ గాల్లో ఢీకొన్నాయి. ఠప్పుమని రెండు ఫ్రేములూ విరిగాయి.

నన్నేమంటారోనని బిక్కచచ్చి నిలబడ్డాను. బాబాయి గారు ముక్కలు ఏరుకుని, "చూశారా! నేను చెబుతూనే ఉన్నాను, తల దగ్గర బలహీనం!" అన్నారు. ఆ గొంతులో ఎంత ఆనందం! "కాటా తెండి!" మెషిన్ మావయ్య తన రాకెట్ కింద పడేసి పరిగెత్తాడు. అంపైర్ కుర్చీ దిగాడు. చూసేవాళ్ళంతా లేచారు. ప్యాకింగ్ బల్ల చుట్టూ గుంపు కట్టి, ఏ ముక్క ఎంత తూగుతుందో చూడసాగారు.

కోర్టు ఖాళీ.

నేను అక్క వైపు చూశాను. అక్క మావయ్య రాకెట్ తీసి నెట్ మీదుగా అందించింది.

"ఏమే, వస్తావా?"

"ఇదెన్ని గ్రాములక్కా?"

"కొడితే తెలుస్తుంది. సర్వీస్ చెయ్యవే!"

ఆ గీత నుంచి ఈ గీత దాకా ఉరికాం. వెనక గీత అంత దూరం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అక్క మణికట్టు నన్ను మూల నుంచి మూలకు మడతపెట్టేసింది. ఇరవై ఒకటికి పంతొమ్మిది, నేను ఓడిపోయాను. అంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు. బల్ల దగ్గర ఒక్క తల కూడా ఇటు తిరగలేదు.

అందుకే పాఠకులారా, రాకెట్ల చర్చను దయచేసి ఎవరూ ఆపకండి. అది సాగినంతసేపే మాకు కోర్టు దొరుకుతుంది.

నిన్న సాయంత్రం నేనే వెళ్ళి అడిగాను. "బాబాయ్ గారూ, గ్రిప్ మీద ఇంకో గ్రిప్ చుడితే ఆ బరువు తలలోంచి తగ్గుతుందా, చేతిలో పెరుగుతుందా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. చుట్టూ అందరూ చేరారు. అడిగిన మనిషి అక్కడే ఉండాలన్న నియమమేమీ లేదు. రెండో నిమిషంలో జారుకున్నాను. ఆ ఒక్క ప్రశ్నకు నలభై నిమిషాలు వచ్చాయి. రెండు గేములు.

మీకు రాకెట్ల గురించి ఏమైనా సందేహాలుంటే వెంటనే రాసి పంపండి. ఎంత చిక్కుగా ఉంటే అంత మంచిది. జవాబులు మాత్రం దయచేసి పంపకండి.