యాకయ్య పెద్ద ఫోటో

యాకయ్యను చంపింది మీరే. ఫోటోకు బొట్టు దిద్దిన స్టూడియో సారంగపాణీ, దాన్ని చూసి కాగితం నింపిన విచారణ జవానూ, శోకాలు అందుకున్న గల్లీవాళ్లూ, అందరూ కలిసే చంపారు. ఎట్లా చంపారో వినండి.

తాపీమేస్త్రి యాకయ్యకు మస్కట్ కంపెనీ నుంచి పని పర్మిట్ వచ్చింది. ఈ పంతొమ్మిది వందల ఎనభై రెండు మే నెలాఖరుకల్లా అక్కడ చేరకపోతే రద్దు. పాస్‌పోర్టేమో పోలీసుల ఇంటి విచారణ దగ్గర ఆగింది. ఆ పొద్దున అతని పని చిన్నదే: స్టూడియోలో ఫోటోలు తీసుకుని, మధ్యాహ్నం వచ్చే జవానుకు ఇంట్లో కనబడాలి.

చిన్న ఫోటోలతోపాటు పెద్దదొకటి ఫ్రేము కట్టించాడు. పెళ్లాం పోయి పదకొండేళ్లు. తనూ వెళితే ఆ ఇంట్లో మనిషన్న గుర్తే ఉండదని. తీరా చూస్తే అద్దంమీద ఎర్ర పెయింటు బొట్టు, ఫ్రేముకు తీగతో బిగించిన గంధపు దండ.

"ఇదేంది పాణీ? బతికే ఉన్న గద."

"పెద్దసైజు బతికున్నోళ్లకు ఎవలు కట్టిస్తరన్నా? అలవాటుల పెట్టిన. జర కిరోసిన్ రాస్తె పోతది."

ఇంట్లో కిరోసిన్ లేదు. ఫోటోను కుర్చీలో పెట్టి, తలుపు దగ్గరికేసి, డబ్బా పట్టుకుని రేషన్ షాపుకు పోయాడు. అక్కడ లైను మలుపుదాకా ఉంది.

ఈలోగా పక్కింటి ఖాసింబీ గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి, కుర్చీని చూసి కేకపెట్టింది. ఎదురింటి మొగిలమ్మ పరుగెత్తుకొచ్చింది. అరగంటలో నలభైమంది. జవాను చెప్పిన వేళకు ముందే వచ్చి యాకయ్య ఎవరని అడిగితే అందరూ ఏడుస్తూ ఫోటో చూపించారు. అతను టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, చనిపోయినట్టు రాసుకున్నాడు.

యాకయ్య డబ్బాతో వచ్చి గుంపు వెనక నిలబడ్డాడు. "ఎవలు పోయిన్రు?"

"యాకయ్యనట. పాపం, మంచోడు," అన్నాడు ముందున్నవాడు తిరగకుండానే.

లోపల మొగిలమ్మ శోకం పెడుతోంది. పదకొండేళ్లు ఒక్కడే వండుకుని తిన్నాడనీ, తిన్నావా అని ఒక్కనాడూ అడగకపోతిమనీ. అతని ఎదుట ఏనాడూ ఈ మాట అన్నవాళ్లు లేరు. జవాను సైకిలు ఇంకా గోడకే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. కానీ యాకయ్యకు ఇంకొంచెం వినాలనిపించింది. విన్నాడు. తేరుకునేసరికి సైకిలు లేదు.

చౌరస్తాలో పట్టుకున్నాడు.

"రాసింది కొట్టెయ్యరాదు," అన్నాడు జవాను. "నువ్వు బతికున్నవని గల్లీవాళ్లు ఇద్దరితోని రాయించుకరా. ఆరు గంటలకు పై ఆఫీసుకు పంపుత."

యాకయ్యను చూసి గల్లీ ముందు బిత్తరపోయింది, తర్వాత కోపగించుకుంది, ఆ తర్వాత ఇళ్లలోకి పోయింది. మొగిలమ్మ మొగుడు కట్టయ్య సగం తలుపులోంచి చెప్పాడు: "ఏడ్వుమంటె ఇంకో గంట ఏడుస్తం తమ్మీ. సర్కారు కాయితం మీద దస్కత్ అంటె మాతోని కాదు."

ఖాసింబీ ఒక్కతే చేతి పిండి తుడుచుకుని, "ఇటు తే భయ్యా," అని వేలిముద్ర వేసింది. ఇంకొకరు కావాలి. యాకయ్య కాగితం పట్టుకుని, ఫోటోను బయటికి తెచ్చి పక్కన పెట్టుకుని అరుగుమీద కూచున్నాడు. ఐదున్నర అయింది.

తలుపులు తీయండి. నలభైమంది ఏడ్చారు కదా, ఒక్కరు బయటికొచ్చి సంతకం పెట్టండి, ఇప్పుడే. ఏడవడం తర్వాతైనా ఏడవచ్చు. ఫోటో ఎలాగూ తయారుగానే ఉంది.