చెప్పుల పెద్దాయన కాళ్ళు కడిగిన వైనం

అందరికీ సంతోషంగా తెలియజేయునది ఏమనగా, చెప్పుల కంపెనీ అధిపతి గారు మన క్రైస్తవ ధర్మసంస్థ పాలకవర్గంలో సభ్యులుగా చేరారు. అంత పెద్దమనిషి ఇంత చిన్న సంస్థలో కాలు పెట్టడం మన అదృష్టం. సంస్థ చేసే పని మరీ చిన్నది. వీధి చివర ఒక గది. గదిలో ఒక కుళాయి, ఒక బల్ల, ఒక నర్సమ్మ. పుండ్లతో వచ్చే బీదవాళ్ళ కాళ్ళు కడిగి, మందు రాసి, కట్టు కడుతుంది. ఇన్నేళ్ళుగా ఇదే పని. ఎవరూ ఎప్పుడూ ఫొటో తీయలేదు. అందువల్ల అది సేవ అని ఎవరికీ తెలియదు.

మొదటి సమావేశంలో అధిపతి గారు మాట్లాడారు. "చిన్నప్పుడు నేను చెప్పుల్లేకుండా నడిచాను. ఎండకు అరికాళ్ళు బొబ్బలెక్కేవి. అప్పుడే నిశ్చయించుకున్నాను, లోకంలో ప్రతి ఒక్కరూ చెప్పులు కొనాలని."

పాస్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు. కోశాధికారి కూడా తుడుచుకున్నాడు. ఆయనకు కళ్ళకలక అని తర్వాత తెలిసింది గానీ, అప్పటికే సమావేశం పుస్తకంలో కన్నీళ్ళని రాసేశారు.

"ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగాడు. నేనూ పన్నెండుమంది బీదల కాళ్ళు కడిగి నా బాధ్యతలు మొదలుపెడతాను," అన్నారు అధిపతి గారు. అలాంటి వినయం మేం ఎన్నడూ చూడలేదు. మేమే కాదు, ఊరంతా చూడాలని కుర్చీలు అద్దెకు తెప్పించారు.

ఇక కాళ్ళు కావాలి. కంపెనీ మేనేజరు వచ్చి గది బయట వరుసలో కూర్చున్నవాళ్ళ కాళ్ళన్నీ వంగి వంగి చూశాడు. వరుసలో మొదట ఉన్నది మెట్లావిడ. పెద్ద పెద్ద భవనాల్లో మెట్లు కడిగి బతుకుతుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఆమెకు షుగరు. కుడికాలి బొటనవేలికి పుండు. రోజూ కట్టు మార్చకపోతే కాలే పోతుందని నర్సమ్మ ముందే చెప్పింది. కాలు లేకపోతే మెట్లు లేవు, మెట్లు లేకపోతే కూడు లేదు.

"ఈ కాళ్ళు పనికిరావు," అన్నాడు మేనేజరు.

"కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ కాళ్ళు ఇంకెలా ఉంటాయి బాబూ?" అంది నర్సమ్మ.

"ఫొటోలో బాగుండవమ్మా."

"నా కాలికేం నాయనా," అంది మెట్లావిడ, "పుండొక్కటి పక్కన పెడితే బంగారంలా ఉంటుంది."

మేనేజరు బాగా ఆలోచించి, కంపెనీ ప్రకటనల్లో చెప్పులు తొడిగి చూపించే పన్నెండుమందిని బీదలుగా నియమించాడు. వాళ్ళకు బీద బట్టలు కొత్తగా కుట్టించి, పాతబడేదాకా ఉతికించాడు. ముందుజాగ్రత్తగా వాళ్ళ కాళ్ళు కడిగించాడు. కడిగాక చూస్తే, అధిపతి గారు కడగడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు మెత్తగా జల్లించిన మట్టి తెప్పించి పూయించాడు. చదువుకున్నవాళ్ళు ఏ పని చేసినా ఒక పద్ధతి ఉంటుంది.

కుళాయి ఉన్నది ఆ ఒక్క గదిలోనే గనుక ఉత్సవం అందులోనే అన్నారు. నేలకు పాలరాయి పరవాలి, గోడలకు రంగు వేయాలి. అంతవరకు గది మూసేశారు. నర్సమ్మ పాస్టరు గారి దగ్గరకు వెళ్ళింది.

"అయ్యగారూ, మెట్లావిడ వేలు నల్లబడుతోంది. ఏదో ఒక మూల చూపించండి, కట్లు కట్టుకుంటాను."

"కొద్ది రోజులు ఓపిక పట్టాలమ్మా. యోబు భక్తుడు ఒళ్ళంతా కురుపులతో ఎంత ఓపిక పట్టాడు?"

"ఆయనకు షుగరు లేదండీ."

ఈ సంగతి గ్రంథంలో ఎక్కడా లేదు గనుక పాస్టరు గారు గోడల రంగు చూడ్డానికి వెళ్ళిపోయారు.

నర్సమ్మ బయట మెట్టు మీద కూర్చుని కట్లు కట్టడం మొదలుపెట్టింది. మెట్టు మీదికి ఎర్ర తివాచీ వచ్చాక అదీ ఆగింది. పైగా ఉత్సవంలో తువ్వాలు పట్టుకునే గౌరవం ఆమెకే దక్కింది. పొద్దస్తమానం అది నేర్పించారు. అంతవరకు ఆమె తువ్వాలు పట్టుకున్నది తుడవడానికే గనుక నేర్చుకోవడం ఆలస్యమైంది. మెట్లావిడను పెద్దాసుపత్రికి పొమ్మంది. అక్కడ గంటలకొద్దీ నిలబడాలి. నిలబడలేకే కదా ఆమె ఇక్కడికి వస్తున్నది.

ఉత్సవం దివ్యంగా జరిగింది. అధిపతి గారు మోకాళ్ళ కింద దిండు జరుపుకుంటూ ఒక్కొక్క బీదవాడి దగ్గరకూ వచ్చారు. పన్నెండో బీదవాడు అద్దం దగ్గర ఉండిపోయాడు. ఆ ఖాళీ పీట మీద మెట్లావిడ వచ్చి కూర్చుంది. బీదల కాళ్ళు కడుగుతారని వీధంతా బోర్డులు పెట్టారు. ఆమెకు చదువు రాదు, ఎవరో చదివి చెబితే నమ్మింది.

అధిపతి గారు అలవాటుగా ఆ కాలు పళ్ళెంలోకి తీసుకున్నారు. పుండుకు చుట్టిన గుడ్డ ఊడింది. గదిలో చల్లిన అత్తరంతా ఓడిపోయింది. ఫొటోలు తీసేవాళ్ళు మర్యాదగా గోడవైపు తిరిగారు. అధిపతి గారు లేచి, చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఈ తల్లి కష్టం చూసి నా గుండె కరిగింది. మా కంపెనీలో అన్నిటికంటే ఖరీదైన చెప్పుల జత ఈమెకు ఉచితంగా ఇస్తున్నాను."

చప్పట్లు మోగాయి.

"చెప్పులెందుకు బాబూ," అంది మెట్లావిడ. "ఈ గది తలుపు తీసి ఉంచమను. నర్సమ్మ కట్టు కట్టుకుంటుంది."

"తెరిపిస్తాను," అన్నారు అధిపతి గారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. మర్నాటి నుంచి గది తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. లోపల వారు కాళ్ళు కడిగిన పళ్ళెం గాజుపెట్టెలో ఉంది. ఎవరైనా వచ్చి చూడవచ్చు. పాలరాతి మీద మరకలు పడతాయని కట్లు మాత్రం కట్టరాదు. వచ్చినవాళ్ళకు పళ్ళెం చూపించే ఉద్యోగం నర్సమ్మకు ఇచ్చారు.

పెద్దాసుపత్రిలో మెట్లావిడ కాలు మోకాలి కింద తీసేశారు. చెప్పిన ప్రకారం చెప్పుల జత మంచం దగ్గరకే వచ్చింది. చూడ్డానికి వెళ్ళిన నర్సమ్మతో ఆమె, "ఎడమది నేను ఉంచుకుంటాను. కుడిది మీ పెద్దలకు ఇచ్చెయ్యమ్మా. ఎడమకాలు పోయినవాళ్ళు వస్తే పనికొస్తుంది. ఆ గది అలాగే ఉంచితే ఎక్కువ రోజులు ఎదురుచూడక్కర్లేదులే," అంది.

నర్సమ్మ సర్వసభ్య సమావేశానికి వచ్చి, ఆ చెప్పు బల్ల మీద పెట్టి, ఆ మాటలు ఉన్నవున్నట్టు చెప్పింది. అధిపతి గారు చెప్పును రెండు చేతులా పైకెత్తారు.

"నిన్నటిదాకా దానం పుచ్చుకున్న చెయ్యి ఈ రోజు దానం చేస్తోంది. మన సేవ ఫలించిందనడానికి ఇంతకంటే ఏం కావాలి?"

వారిని అధ్యక్షులుగా ఉండమని అక్కడికక్కడే తీర్మానించాం. అందరం ఒక్కసారిగా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. దేవుడి దయవల్ల మాకందరికీ రెండేసి కాళ్ళున్నాయి, లేవడం ఏమీ కష్టం కాలేదు.