చాప పండగకు పెట్టుకున్న కీడు

కొత్త పండగ మొదలుపెట్టేవాళ్లు దాన్ని తప్పితే ఏ కీడు జరుగుతుందో ముందే చెప్పాలి. ఆ కీడును తెచ్చి ఇంటి దగ్గర అప్పజెప్పే పని పండగల శాఖది. కీడు లేనిది పండగ కిందికి రాదు, భోజనం కిందికి వస్తుంది. భోజనానికి ఎవరూ సెలవివ్వరు.

పైడితల్లిది శ్రీకాకుళం వైపు. భర్తకు పంపుల ఫ్యాక్టరీలో పని దొరకడంతో హైదరాబాదు శివార్లలో అద్దెకుంటున్నారు. పండగలకు ఊరెళ్లడం కుదరదు. పండగపూట మొగుడూ పెళ్లాలిద్దరే కూర్చుని తింటుంటే, ఏదో జరగరానిది జరిగిన ఇల్లులా ఉందని ఆమెకు ముద్ద దిగేది కాదు. అందుకని ఒక ఆషాఢపు ఆదివారం మేడ మీద పెద్ద చాప పరిచి, కింది వాటాలో ఉండే ఖమ్మం నర్సు భాగ్యనూ, ఆమె కూతురు చందననూ, ఫ్యాక్టరీవాళ్లవి మరో రెండు కుటుంబాలనూ పిలిచింది. ఎవరి ఊరి వంట వాళ్లు తెచ్చారు. తప్పు పట్టే పెద్దవాళ్లు లేరు కాబట్టి అన్నీ తప్పుగానే చేశారు. పాయసం ముందు తిన్నారు, మగవాళ్లు వడ్డించారు. నవ్వీ నవ్వీ భాగ్యకు పొలమారింది. ఏటా ఇలాగే కలవాలనుకున్నారు. ఆ రోజంటే భాగ్యకు వారపు సెలవు. ఏటా సెలవు దొరకాలంటే మాత్రం పండగ శాఖలో నమోదు కావాలి. భాగ్య రాకపోతే చాప పరచడమే దండగని పైడితల్లి అంది.

అర్జీ పెడితే పండగల ఇన్‌స్పెక్టరు వచ్చి, చెప్పులు విప్పి, వాళ్లు మళ్లీ పరిచిన చాప మీద కూర్చుని అన్నీ రుచి చూశాడు. గోంగూర బాగుందన్నాడు. తర్వాత కీడు ఏదని అడిగాడు. ఏమీ లేదు, సరదాకి అన్నారు.

“సరదాకైతే రెండేండ్లకు మీరే రారు తల్లీ. అట్లాంటివి చానా చూసిన.”

అందరూ పైడితల్లి వైపు చూశారు. ఆమె దగ్గర కీడుకు కొదవ లేదు. చందన దగ్గితే ఆమెకు న్యుమోనియా కనిపిస్తుంది, భర్త ఆలస్యమైతే లారీ కనిపిస్తుంది. వాటన్నిటిలో అతి చిన్నది, ఎవరికీ తగలనిది ఏరింది.

“తింటా తింటా మద్దిలో లెగిసి ఎలిపోతే ఆల్లింట్లో పిల్లకి జొరమొస్తాదని రాసుకోండి బాబూ. మా చాప మీంచి మద్దిలో ఎవులు లెగుస్తారు?”

సెలవు మంజూరైంది.

మరుసటి ఏడు అన్నం సగంలో ఉండగా భాగ్యకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఎవరికో కాన్పు కష్టమైంది, చేతులు చాలడం లేదు. ఆమె చెయ్యి కడుక్కుంది. పైడితల్లి ఆమె కొంగు పట్టుకుంది.

“జరమే కదక్కా. నర్సు బిడ్డకు జరమొస్తే ఏమైతది?” అని భాగ్య మెట్లు దిగిపోయింది. అక్కడ తల్లీ బిడ్డా బతికారు.

సాయంత్రం శాఖ మనిషి జ్వరం తెచ్చాడు. ఆదివారం బస్సులు తక్కువని, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దని అన్నాడు. చందన నుదుటి మీద చెయ్యి పెట్టి, మంచినీళ్లు అడిగి తాగాడు. పైడితల్లి అతని కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఏదో మాటవరసకు అన్నానని, చందన తన చేతి ముద్ద తిన్న పిల్ల అని, జ్వరాన్ని వెనక్కి తీసుకుపొమ్మని బతిమాలింది. వెనక్కి తీసుకునే వీల్లేదు గాని పరిహారం పెట్టుకోవచ్చని, అదీ మొదలుపెట్టినవాళ్లే చెప్పాలని అతను నెమ్మదిగా వివరించాడు. మొదటి ఏడు చేసిన తప్పులన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. ఇకమీదట పాయసం ఆఖర్న తినాలి, మగవాళ్లు గరిటె ముట్టకూడదు, తల్లులు పొద్దుటి నుంచీ ఉపవాసం ఉండాలి అంది. అన్నీ మంజూరయ్యాయి. మూడో రోజుకు జ్వరం తగ్గింది. ఇలాంటి జ్వరాలు మూడో రోజుకు ఎలాగూ తగ్గుతాయని భాగ్య చెప్పింది గాని, ఎవరూ వినిపించుకోలేదు.

ఆ పై ఏడు మేడ చాలలేదు. రాకపోతే ఏమవుతుందోనని పిలవనివాళ్లు కూడా వచ్చారు. భాగ్య కూతుర్ని ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. అన్నం సగంలో ఉండగా ఫోను మోగింది. ఆసుపత్రి పేరు చూసి, దాన్ని చాప కిందికి తోసేసింది. అది ఆగి, మళ్లీ మోగింది. అందరూ తలలు వంచుకుని తింటున్నారు.

“ఇప్పుడైంది తల్లీ పండుగ,” అన్నాడు తనిఖీకి వచ్చి చాప చివర కూర్చున్న ఇన్‌స్పెక్టరు.

పైడితల్లి చుట్టూ చూసింది. ఊరు వదిలాక మొదటిసారి ఆమె మనసు కుదుటపడింది.

“అచ్చం మా ఊర్లో ఉన్నట్టే ఉన్నాది,” అంటూ, చాప కింద మోగుతున్న చోటు తొక్కకుండా పక్కనుంచి నడిచి, భాగ్యకు మారు వడ్డించింది.